అశ్వత్థామ త్రాగిన పాలు

ఆవునుగాని గేదెనుగాని ఆశ్రయింపక పాలు చేయు విద్య నిన్న మొన్న విదేశములలో పుట్టినదని తలంచువారు భారతమును సావకాశముగా చదివినవారు కారని నా నమ్మకము. ద్రోణాచార్యుడు ఒక్క పాడియావుకైనను నోచుకొనని దరిద్రదశలో ఉన్నప్పుడు, తోడిపిల్లలు పిండి కలిపిన నీళ్ళిచ్చి పాలని నమ్మింపగా, అశ్వత్థామ వానిని త్రాగి, నేనును పాలు త్రాగితినని గంతులు వేసెనట. ఆ భారతములోనే ఉపమన్యువను మరియొక బాలుడు, తల్లి అట్టి పిండినీళ్ళే ఇచ్చినప్పుడు, ఇవి పాలు కావని ఇట్టే కనిపెట్టి, ఘోరతపస్సు చేసి, శివుని మెప్పించి, ఏకముగా క్షీరసాగరమునే సంపాదించెను. నేటికిని సూపర్‌మార్కెట్టులో పాలుకాని పాలు కొనువారందరును ఈ రెండు తెగలవారే: నమ్మి గంతులు వేయువారు కొందరు, చప్పరించి పెదవి విరుచువారు కొందరు. నాబోటి మూడవ తెగవాడు పురాణములలో కానరాడు. ఏమనగా, గ్లాసు చేతికందగానే నాకు కలుగు సందేహము ఇవి పాలా కావా అని కాదు. ఆ కలిపిన పిండి బియ్యపుదా, గోధుమదా, యవలదా అని.

నాకు సీలియాక్ వ్యాధి కలదు. గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు ఉండును. అది కడుపులో పడగానే నా దేహరక్షణవ్యవస్థ, శత్రువు కోటలో చొరబడెనని భ్రమించి, ఆ కోలాహలములో నా చిన్నప్రేవు గోడలనే పడగొట్టును. ఆ గోడలమీద ఆహారసారమును పీల్చుకొనుటకై చూషకములను సన్నని మొలకలు ఉండును. పాలలోని లాక్టోజు చక్కెరను అరిగించు లాక్టేజు ఆ మొలకల కొనలయందే తయారగును. మొలకలు చదునైన పిదప లాక్టేజు లేదు, లాక్టేజు లేనిదే పాలు అరగవు. అనగా అపరాధము గోధుమది, శిక్ష పాలకు. అత్తమీది కోపము దుత్తమీద చూపుట అను సామెతను మన పూర్వులు కోడళ్ళను చూచి చెప్పిరందురుగాని, ఎండోస్కోపీ చేసి చెప్పిరేమో అని నాకు అనుమానము.

“గోధుమ పూర్తిగా మానండి. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, లోపల మళ్ళీ మామూలవుతుంది. అప్పుడు పాలు కొంచెం కొంచెంగా మొదలుపెడదాం. గోధుమ మాత్రం ఈ జన్మకి లేదు” అని డాక్టరుగారు సెలవిచ్చిరి. ఈ వ్యాధి మన దేశములో రొట్టెలు తిను ఉత్తరాదివారి సొత్తు. అన్నము తిను దక్షిణాదిలో బహు అరుదు. కావున మా బంధువులు దీనిని రోగముగా గాక నా ఆడంబరముగా పరిగణించిరి. మా మేనత్త అయితే, “జ్వరం వచ్చినవాడికి గోధుమరవ్వ జావ పోసేవాళ్ళం. దాంతో రోగం పోతుంది గాని వస్తుందిట్రా అబ్బాయ్?” అని నిలదీసినది. రెండవ ప్రపంచయుద్ధము చివర, 1944–45 శీతకాలమున, హాలండులో రొట్టె దొరకక జనులెల్ల అలమటించుచుండగా ఈ వ్యాధి గల పిల్లలు మాత్రము కోలుకొనిరనియు, గోధుమపై ఎప్పటినుండియో అనుమానముతో ఉన్న విల్లెం డికె అను పిల్లల వైద్యుడు 1950లో దానిపై సిద్ధాంతవ్యాసము వ్రాసెననియు నేను సాకల్యముగా విన్నవించితిని. ఆమె అంతయు విని, “పాపం, కరువులో ఏం తిన్నారో పిల్లలు” అని కంట తడి పెట్టుకొని, నా మాట మరచిపోయినది.

ఇట్లు పాలవేటకు బయలుదేరితిని. అంగడి కుర్రవాడు మొట్టమొదట ఓట్సు పాలు చేతిలో పెట్టెను. 1990ల తొలినాళ్ళలో స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయమున రికార్డ్ ఓస్టె అను శాస్త్రజ్ఞుడు, పాలు పడనివారిపై దయతలచి చేసిన పానీయమది. ఓట్సు స్వతహాగా చాలమందికి నిరపాయమే. చిక్కంతయు దాని సహవాసముతోనే. గోధుమ, బార్లీల పొరుగు చేలలో పెరిగి, వానితో ఒకే లారీ ఎక్కి, ఒకే మరలో ఆడి, ఒంటినిండ పరుల దుమ్ము పూసుకొని వచ్చును. కావున డబ్బా మీద గ్లూటెన్ రహితమను ముద్ర ఉండవలెను. ఆ ముద్రకు కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదను నియమము కలదు. ఆనాటినుండి నేను డబ్బాల ముఖములు చూచుట మాని వీపులు చూచుట నేర్చితిని. ముఖమున పచ్చిక బయళ్ళు, సూర్యోదయము, నవ్వు మొగముల శిశువులు. వీపున చీమతలకాయంత అక్షరములలో ‘బార్లీ మాల్టు సారము’. భూతద్దముతో వరుస వెంబడి వీపులు చదువు నన్ను చూచి, అక్కడి గార్డు తనిఖీ అధికారి అనుకొని కుర్చీ వేసెను.

బాదంపాల వీపు చదివినపుడు నాకు మా చిన్ననాటి పాలవాడు జ్ఞప్తికి వచ్చెను. అతడు పాలలో నీళ్ళు కలుపునని మా నాయనగారు ప్రతి మాసాంతమునను కలహించెడివారు. ఈ డబ్బాలో బాదము నూటికి రెండు మూడు పాళ్ళు, తక్కినదంతయు ఇంచుమించు జలమే; అతడు కలపమన్నను కలపజాలనంత. గ్లాసునకు ఒక గ్రాము మాంసకృత్తు దొరకుట గగనము. కాల్షియము కావలెనని సుద్దను కలిపెదరు. అది అడుగున చేరును గనుక డబ్బాను బాగుగా కుదుపవలెను. సీలియాక్ రోగికి ఎముకలు గుల్లబారు భయము అధికము గనుక, నేను ఉదయమున డబ్బా పట్టి ఊపుచుందును. ఎదురింటివారు దానిని వ్యాయామమని మెచ్చుకొనుచుందురు.

సోయాపాలలో మాంసకృత్తులు ఆవుపాలకు దీటు. కాని ఫిల్టరు కాఫీలోని ఆమ్లమును, వేడిమిని ఒక్కమారు ఎదుర్కొనుసరికి అవి ముద్దకట్టి విరిగిపోవును. పాలను విడిగా వెచ్చచేసి, డికాక్షనును కొంచెము కొంచెముగా పోసిన విరుగుట తగ్గును. పొంగుటలో మాత్రము ఏ గేదెపాలును దీనికి సాటిరావు. గృహప్రవేశములకు నిర్భయముగా సిఫారసు చేయుదును. కొబ్బరిపాలు మనకు కొత్త కాదు. వానితో బెల్లపు పాయసము వండిన విరుగునను బెంగ లేదు. కాఫీలో పోసిన మాత్రము నూనె తేలి, తలకు రాచుకొనవలెనో త్రాగవలెనో తెలియదు. బియ్యపు పాలు అశ్వత్థామ నాటివే గాని, బియ్యములో ఆర్సెనిక్ చేరుటచే ఇంగ్లండులో అయిదేండ్లలోపు పిల్లలకు పోయవద్దనుచున్నారు.

ఇక పెరుగు. తెలుగువాడు విస్తరిలో ఎన్ని పంచభక్ష్యములు తిన్నను పెరుగన్నము పడనిదే భోజనమైనదని ఒప్పుకొనడు. అనంతపురము పల్లీలు తెచ్చి, రాత్రి నానవేసి, రుబ్బి, వడగట్టి, కాచి, గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేసి మూతపెట్టిన, తొడిమలను అంటియున్న సూక్ష్మజీవులే తోడు పనిచేయును. తెల్లవారి మూత తీయగా గిన్నె వంచినను జారని పెరుగు! మా ఆవిడ వేలితో రుచి చూచి, “ఏమండీ, పల్లీచట్నీకి పెరుగు వేషం వేసినట్టుంది” అన్నది. అయినను జాలితలచి దానిని మజ్జిగ చేసి, తాలింపు పెట్టబోయినది. ఇంగువ డబ్బా వీపు చూచితిని: గోధుమపిండి. ఆవును వదలి, పల్లీని నమ్మి, తొడిమలను ఆశ్రయించి ఇంత దూరము వచ్చినవాడికి, గమ్యమున చిటికెడు ఇంగువలో కూర్చుండి గోధుమ స్వాగతమిచ్చినది.

ఇంత శోధించిన మీదట నాకు బోధపడినది ఒక్కటే. ఆవు ఒంటిచేత్తో ఏలిన రాజ్యమును ఏలగల డబ్బా ఏ అంగడిలోను లేదు; కావున మంత్రివర్గము నేర్పరచవలెను. కాఫీ శాఖ సోయాకు, పాయస శాఖ కొబ్బరికి, పెరుగు శాఖ పల్లీకి ఇచ్చి, గ్లూటెన్ లేనిదియు కాల్షియము మెండుగా గలదియు అయిన రాగికి ఎముకల శాఖ నప్పగించితిని. బాదమునకు శాఖ లేదు. ఖరీదైనవారు గనుక శాఖలేని మంత్రిగా ఉండనిచ్చితిని. ఎవరి శక్తికి మించిన పని వారిని అడుగనంతకాలము ప్రభుత్వము సుభిక్షముగా నడచుచున్నది.

మొన్న సంక్రాంతికి మా మేనత్త అనకాపల్లి నుండి వచ్చి, నా అవస్థ జ్ఞాపకముంచుకొని తెచ్చిన పొట్లమును ఆప్యాయముగా చేతిలో పెట్టినది. అది మాడుగుల హల్వా. “ఆవుపాలు పడవన్నావుగా, అడిగి మరీ తెచ్చాన్రా. ఇందులో ఆవుపాలు చుక్క లేవు. నానబెట్టి, రుబ్బి, పిండిన గోధుమపాలే అన్నీ!” అన్నది. పెద్దవారు ప్రేమతో తెచ్చినదానిని కాదనుట మర్యాద గాదు. వెంటనే మంత్రివర్గమును విస్తరించి, హల్వా శాఖను మా ఆవిడకు అప్పగించితిని. ప్రమాణస్వీకారము పొట్లము విప్పకమునుపే జరిగిపోయినది.