1257ఎల్ గారి లీలలు

లండన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాడు పేస్లిప్‌లో ముందుగా చూసేది చేతికొచ్చే మొత్తం. వెంటనే దాన్ని రూపాయల్లోకి మార్చి అమ్మకు ఫోన్ చేస్తాడు. ఓ మూల నక్కి కూర్చున్న '1257ఎల్ ఎం1' అనే ముక్కను ఉద్యోగి నంబరేమో అనుకుని వదిలేస్తాడు. అది పన్ను కోడ్. జీతంలో ఎంత కోత పడాలో తేల్చేది ఆ ముక్కే.

జీతంలోంచే పన్ను పట్టుకునే 'పే యాజ్ యు ఎర్న్' పద్ధతి బ్రిటన్‌లో 1944లో వచ్చింది. అక్కడి ఉద్యోగుల్లో ఎక్కువమందికి రిటర్ను వేసే పనే లేదు. జనవరిలో అద్దె రసీదు కోసం ఇంటి ఓనరు చుట్టూ, జులైలో ఆడిటరు చుట్టూ తిరిగిన హైదరాబాదీ ప్రాణానికి ఇంతకన్నా ఏం కావాలి! కాకపోతే కోడ్ ఏం చెబితే పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు అదే వేదవాక్కు. తప్పుడు కోడైనా సరే, అంతే భక్తిగా కోసేస్తుంది.

1257 అంటే ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదని. చివరి అంకె ఎగరగొట్టారు. ఎల్ అంటే మామూలు మినహాయింపు. అసలు కథంతా తోకగా తగిలే ఎం1ది. అది ఉంటే ప్రతి నెలనూ విడిగా లెక్కగడతారు, వెనకటి నెలల్లో వాడుకోని మినహాయింపు కలవదు. కుర్రాడు అక్టోబరులో నెలకు 3,000 పౌండ్లకు చేరాడనుకుందాం. అక్కడ పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది. ఆ ఏడాది అతనికి వేరే సంపాదన లేకపోతే, సరైన కోడ్‌తో డిసెంబరు జీతం దాకా పైసా పన్ను పడదు. ఎం1 తోకతో మొదటి నెల నుంచే 390 పౌండ్లు ఎగిరిపోతాయి. ఏడాది చివరికి అదనంగా కట్టింది లెక్కేస్తే సుమారు 1,257 పౌండ్లు. కోడ్ తన నంబరునే బిల్లుగా వేసిందన్నమాట!

బీఆర్ అనే కోడ్ దీనికి పెద్దన్న. మినహాయింపు ఊసే లేదు, మొదటి పౌండు నుంచీ 20 శాతం. రెండో ఉద్యోగానికైతే అది న్యాయమే. కానీ చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో ఏ గడికి టిక్కు పెట్టాలో తెలియని విద్యార్థికి రూమ్మేట్ సలహా ఇస్తాడు: "మూడోది కొట్టెయ్ మామా, సేఫ్." ఆ మూడోది వేరే ఉద్యోగమో పెన్షనో ఉన్నవాళ్లది. ఇరవై మూడేళ్లకే పెన్షనర్ల సరసన చేరిపోయిన ఆ పిల్లవాడు, రెస్టారెంట్‌లో ప్లేట్లు కడిగి తెచ్చుకునే నెల 1,000 పౌండ్లలో 200 సమర్పించుకుంటాడు. అతను కట్టాల్సింది సున్నా.

కే కోడ్ సంగతి మరీ విడ్డూరం. కంపెనీ కారు లాంటి సౌకర్యాల విలువ మినహాయింపును మించిపోతే, చేతికి రాని డబ్బును జీతానికి కలిపి మరీ పన్ను వేస్తారు. జీతంలో సగానికి మించి కోయకూడదని నియమం పెట్టారు, దయగల తండ్రులు.

ఏడాది మధ్యలో కోడ్ సరైతే, ఎక్కువ కట్టింది సాధారణంగా తర్వాతి జీతంలోనే తిరిగొస్తుంది. ఏడాది దాటితే పీ800 అనే లెక్కల ఉత్తరం వస్తుంది. అది రాకపోయినా నాలుగేళ్ల వెనక్కి వెళ్లి అడగొచ్చు. ఈలోగా ఫోనుకు 'రీఫండ్ సిద్ధం, లింకు నొక్కండి' అని మెసేజీలొస్తాయి. అవి మోసగాళ్లవి, ఠంచనుగా వస్తాయి. అసలు ఉత్తరమేమో మూడు గదుల క్రితం ఖాళీ చేసిన చిరునామాకు వెళ్తుంది. గది మారిన సంగతి ఓనరుకూ అమ్మకూ చెప్పినవాడు, పన్నులవాళ్లకు చెప్పి ఉండడు మరి.