'ఉన్నా' అనే పదానికి టీక

మూలం: "రికార్డింగు మొరటుగా ఉన్నా వినదగిన ఆల్బమ్."

టీక: రికార్డింగు, ఆల్బమ్: సుగమములు. మొరటు: సమీక్షకుడి స్పీకర్ల ఖరీదుకు తగని ధ్వని. వినదగిన: బద్దెననాటి మాట; ఇక్కడ మాత్రం ఐదుకు మూడు చుక్కలని అర్థం.

ఉన్నా: ఇక్కడ ఆగాలి. ఇది అప్యర్థకం. 'వాన పడుతున్నా బడికి వెళ్లాడు' అంటే వాన బడికి అడ్డమనే కదా. మొరటుదనం వినికిడికి అడ్డమని మూలకర్త పూర్వపక్షం. త్రాష్, డెత్ మెటల్ జోలికొచ్చిన సమీక్షలో ఈ 'ఉన్నా' తప్పించుకోవడం కష్టం.

లక్ష్యం: బ్రెజిల్‌లో బెలో హొరిజోంచి కుర్రాళ్ల బృందం సెపుల్తురా, అనగా సమాధి, 1986లో వెలువరించిన 'మార్బిడ్ విజన్స్'. ప్రకాశకులు కోగుమెలో, అనగా పుట్టగొడుగు. రికార్డులమ్మే కొట్టువాళ్లే రికార్డులు వేయడం మొదలెట్టారు. విడుదలనాటికి పాడిన మాక్స్ కవలేరాకు 17 ఏళ్లు, డ్రమ్ములు బాదిన తమ్ముడు ఇగోర్‌కు 16. మంగళాచరణానికి కార్ల్ ఓర్ఫ్ 'కార్మినా బురానా' ముక్క అరువు తెచ్చి అతికించారు. శాస్త్రోక్తమే. గిటార్లే సరిగా శ్రుతి చేసుకోలేదు.

శ్రుతి అన్నాం గనుక: భరతుడు స్థాయికి 22 శ్రుతులు లెక్కగట్టాడు. మాక్స్, బృందంలోని మరో గిటారు వాద్యకుడు జైరో గిటార్లు కలిసేది 23వ దానిమీద. శ్రుతికటువు కావ్యదోషమని ఆలంకారికులు అన్నమాట నిజమే. అయితే ఆనందవర్ధనుడు అలాంటివి అనిత్యదోషాలన్నాడు: శృంగారంలో కూడవు, అన్నిచోట్లా తప్పు కావు. మమ్మటుడైతే రౌద్రంలో అది గుణమే అన్నాడు. భీముడు రొమ్ము చీల్చేచోట జోలపాట అక్షరాలు ఎవరు వాడతారు? బీభత్సం నుంచి భయానకం పుడుతుందని భరతుడే చెప్పాడు. ఈ ఆల్బమ్‌లోని 'ట్రూప్స్ ఆఫ్ డూమ్' పాట విన్నవాడికి ఆ జన్యజనక సంబంధానికి వేరే ప్రమాణం అక్కర్లేదు. ఇక జుగుప్స స్థాయీభావం కావడంలో ఒక చిక్కుంది, అదేమంటే...

ఎక్కడున్నాం? ఆఁ, సమీక్ష.

నా కోపం అప్యర్థకం మీద కాదు. లక్షలు పోసి చేసిన రికార్డుకు 'నున్నగా ఉన్నా' అని ఎవడూ రాయడే! ప్రతి డ్రమ్ము దెబ్బనూ కంప్యూటరు మీద గీత గీసినట్టు సర్దేసి, చెమట వాసన లేకుండా తుడిచేస్తే దానికి 'ప్రమాణం' అని పేరు. చేతిలో డబ్బుల్లేక, వచ్చిన నాలుగు పట్లతోనే నలభై అన్నంత కసిగా వాయించిన పిల్లలకేమో క్షమాభిక్ష. ఆ మొరటుదనం తీసేస్తే వినడానికి ఏం మిగులుతుందో ఒక్కడూ చెప్పడు. సవరణ: 'ఉన్నా' తీసి 'ఉంది గనక' అని చదువుకోవాలి.

తాత్పర్యం: మూలకర్త రెండో పాట దాకా వెళ్లలేదు.

పాఠాంతరం: 2023లో అన్నదమ్ములిద్దరూ ఆల్బమంతా మళ్లీ రికార్డు చేసి విడుదల చేశారు. ఈసారి గిటార్లు శ్రుతిలో ఉన్నాయి. వ్యాఖ్యాత మాత్రం తాళపత్ర ప్రతినే వింటున్నాడు.