కోటలోపలి అగడ్త

ఫ్రెంచి ఇంజనీర్ల చేత 1747లో నక్షత్రాకారముగ కట్టించిన జగిత్యాల కోటకు చుట్టును అగడ్త కలదు. నీరు కోట వెలుపల నుండవలెననుకొనుట ఆ కాలపువారి అమాయకత్వము. నేటి నిర్మాతలు అంతకంటె బుద్ధిమంతులు. అగడ్తను సెల్లారను పేర కోటలోపలనే త్రవ్వించి, వానకాలము రాగానే అందులో కార్లను నానబెట్టుచున్నారు.

పట్టణపు నడిబొడ్డున అంతస్తుపై అంతస్తు పేర్చినచో బజారు కళకళలాడునని జగిత్యాల టవర్ సర్కిలు మొదలు కోరుట్ల దాక ఫ్లెక్సీలు ఘోషించుచున్నవి. నిజమే! ఎడ్లబండి యెదురైన మనిషి గోడకంటుకొని నిలువవలసిన సందులో ఒక పెంకుటిల్లు కూలి, ఆ చోటనే ఇరువది కాపురములును నలుబది బండ్లును వెలసిన పిమ్మట, ముందునకును వెనుకకును పోజాలక చెత్తబండి మ్రోగించు హారనును మించిన కళకళ యేమున్నది? మురుగుకాలువ మాత్రము తాతలనాటి జానెడు వెడల్పును వీడలేదు.

ఈ ప్రగతికి కొలతయు కలదు. 2012 నాటి 168వ నంబరు జీవో ననుసరించి 18 మీటర్లకు చేరిన నివాసభవనము హైరైజు. దానికి వెడల్పైన రోడ్డును, అగ్నిమాపకశాఖ అనుమతియు కావలెను. కావున ఆకాశమునంటవలసిన అభివృద్ధి ఆ గీతకు బెత్తెడు క్రిందనే, ఎంతో మర్యాదగా, ఆగిపోవుచున్నది. క్రింద పార్కింగుకై స్టిల్టును విడిచెదరు. గృహప్రవేశపు తోరణము వాడకముందే అచ్చట షట్టరు దిగి మొబైలు దుకాణము వెలసినను, అది ఎవరి లెక్కలోనికిని రాదు.

కోరుట్ల వైచిత్రి వేరు. దుబాయి ఎండలో కూడబెట్టిన దిర్హములతో కొన్న ఫ్లాటునకు తాళము! యజమాని రెండేండ్లకొకమారు సెలవుపై వచ్చి, తుప్పు తుడిచి, వంటింటి కిటికీ తెరచి, ప్రక్క భవనపు పోపు వాసనతో రెండు ముద్దలు తిని, మరల విమానమెక్కును.

సిరిసిల్లలోనన్ననో, తరతరములుగ మరమగ్గపు సాంచెలాడిన వాడలో నిన్న ఫ్లాటు కొన్నవాడు నేడు సాంచెల చప్పుడునకు నిద్రపట్టదని విసుగుకొనును. ఆ పట్టణముననే 2021 సెప్టెంబరులో కొత్తచెరువు పొంగి శాంతినగర్ వీధులలో పారినది. పాపము, నీటికి లేఅవుటు చదువుట రాదు.

అయ్యా, కొనదలచితిరా, బ్రోకరు పిలిచిన ముహూర్తమునకు రాకుడు. పెద్దవాన వెలిసిన మరునాటి ఉదయము చెప్పకుండ వచ్చి, మొదట సెల్లారు చూపుమనుడు.