పతకం వెనక నడవని బిళ్ళ

నేను 1960 సెప్టెంబరు 15న విడుదలైన 15 నయా పైసల తపాలా బిళ్ళను. అచ్చయింది నాసిక్ సెక్యూరిటీ ప్రెస్‌లో. నా మీదున్న ముఖం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిది. నేను వెలువడిన నాటికి ఆయన బతికే ఉన్నారు, నూరేళ్ళ పుట్టినరోజు జరుపుకున్నారు. అంతకు ఐదేళ్ళ ముందే, 1955లో, భారతరత్న అందుకున్నారు. ఈ వరస చూసి, ముందు పతకం, దాని వెంబడి బిళ్ళ, కాబట్టి నేను ఆ పతకానికి కాగితపు నకలునని చాలామంది అనుకుంటారు. ఆల్బముల్లో కూడా మమ్మల్ని ‘భారతరత్నలు’ అన్న శీర్షిక కింద ఒకే పేజీలో అతికిస్తారు. ఆ శీర్షిక మీదే నాకు అభ్యంతరం. పతకానికి దాని లెక్క ఉంది, నాకు నా లెక్క ఉంది. ఈ రెండూ కలిసిపోతే నష్టపోయేది చూసేవాళ్ళే.

తేదీలు చూస్తే సంగతి తెలుస్తుంది. భారతరత్న పుట్టింది 1954లో. కబీరు, తులసీదాసు, మీరాబాయి, సూరదాసు, గాలిబ్, టాగోరు 1952లోనే బిళ్ళలకెక్కారు. అంటే మా వంశం పతకం కంటే పెద్దది. పటేల్ గారికి 1965లో, అంబేద్కర్ గారికి, మౌలానా ఆజాద్ గారికి 1966లో బిళ్ళలు వచ్చాయి. పతకాలు మాత్రం అంబేద్కర్ గారికి 1990లో, పటేల్ గారికి 1991లో, ఆజాద్ గారికి 1992లో దక్కాయి. పాతికేళ్ళ పాటు ఉత్తరాల మీద ఊరూరా తిరిగిన ముఖాలను పతకం ఆలస్యంగా గుర్తుపట్టిందన్నమాట. ఇందుకు తలకిందులుగా, తొలి ఏడాదే భారతరత్న అందుకున్న సి.వి. రామన్ గారికి బిళ్ళ వచ్చింది 1971లో, ఆయన పోయిన మరుసటేడు. ఇక మన వేమన సంగతి చూడండి. ఆయనకు 1972లో బిళ్ళ వేశారు. వందల ఏళ్ళ నాటి ఆ యోగికి రాష్ట్రపతి భవన్‌లో సన్మానం ఎవరూ ఊహించరు. వీరేశలింగం గారికి 1974లో, ఘంటసాల గారికి 2003లో వచ్చిన బిళ్ళలూ భారతరత్నతో పనిలేకుండా వచ్చినవే. పతకం చేరని చోటికి నేను చేరగలను. నా విలువ అక్కడే ఉంది.

అయితే రెండూ ఇచ్చేది ప్రభుత్వమే కదా, ఒకే చేతి రెండు వేళ్ళకు తేడా ఏమిటని అడగవచ్చు. నిజమే, బిళ్ళ వేయాలన్న నిర్ణయంలోనూ రాజకీయం దూరదని నేను హామీ ఇవ్వలేను. తేడా ఇచ్చే చేతిలో లేదు, పుచ్చుకునే చేతుల్లో ఉంది. పతకం ఒక మనిషిని గాని, ఆయన కుటుంబాన్ని గాని చేరి ఆగిపోతుంది. నేను ఉత్తరానికి కట్టిన రుసుమును. విశ్వేశ్వరయ్య గారెవరో తెలియని రైతు, గుమాస్తా, బడిపంతులు కూడా నన్ను కొని, తడిపి, అతికించి పంపారు. నా ముఖం మీద నల్లటి తేదీ ముద్ర పడటం అవమానమని కొందరు నొచ్చుకుంటారు. నాకు మాత్రం అది పని చేసినదానికి రుజువు. ఉత్తరాలు తగ్గిపోయాక ఇంకా మీకు పనేమిటన్న ప్రశ్న దీనికంటే బరువైనది. రుసుముగా నా పని తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ అందుకే నా మీద ఏ బొమ్మ ఉంది, ఎందుకుంది అన్నది ఇప్పుడు మరింత ముఖ్యమైంది.

బతికున్నవారి మీద బిళ్ళ వేయకపోవడమే తపాలా శాఖ మామూలు పద్ధతి. ఆ పద్ధతిని దాటి వచ్చినవాటిలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత నాకుంది. నాకంటే ముందు 1958లో కర్వే గారి బిళ్ళ వచ్చింది, ఆయనకూ అప్పుడు నూరేళ్ళే. పతకం కూడా ఆ ఏడాదే. 1980లో మదర్ థెరిసా గారికీ బిళ్ళ, భారతరత్న ఒకే ఏట వచ్చాయి. 2013 నవంబరు 14న సచిన్ టెండూల్కర్ బిళ్ళ వెలువడితే, రెండు రోజులకు ఆయన భారతరత్న ప్రకటన వచ్చింది. ఇన్నిసార్లు రెండూ జంటగా వచ్చాయి కదా అంటే, ఆ జంటే నాకు నచ్చనిది. కర్వే గారు మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది 1916లో. 1958 నాటికి దాని ఫలితం తూచి చూడటానికి నలభై ఏళ్ళ కాలం చేతిలో ఉంది. ఇంకా మైదానంలో ఉన్న ఆటగాడి విషయంలో ఆ వ్యవధి లేదు. సచిన్ గొప్పతనం మీద నాకు అనుమానం లేదు, తొందర మీదే నా ఫిర్యాదు. పతకం ఉత్సాహంతో ఇవ్వవచ్చు. బిళ్ళ మాత్రం కాలం తేల్చాక రావాలి.

బొమ్మ సంగతీ అంతే. రామన్ గారి బిళ్ళ మీద ముఖం పక్కన కాంతి రేఖాచిత్రం ఉంది. చూసిన పిల్లవాడు అదేమిటని అడుగుతాడు, చెప్పడానికి ఒక కథ దొరుకుతుంది. నా మీద ముఖమే ఉంది. పూర్వీకుల ఊరు మోక్షగుండం నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మనిషి ఆయన. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, నగరాన్ని కాపాడే ఉపాయం కోసం నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు కూడా ఆయనే. ఎగువన జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలన్న ఆయన సూచన నుంచే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, నీరు పెరిగితే వాటంతటవే తెరుచుకునే తలుపులూ ఆయన ఆలోచనే. ఇంత చిన్న కాగితంలో అవన్నీ పడతాయా అంటారా? అన్నీ అక్కర్లేదు. ఒక్క తలుపు గీత ముఖం పక్కన పడితే చాలు, ఈయనకు సన్మానం ఎందుకన్న ప్రశ్నకు పతకం పేరు ఎత్తకుండానే జవాబు చెప్పగలిగేదాన్ని.