ఆషాఢం సేలు, సర్కారు సేలు

ఆషాఢంలో చీరల కొట్టువాడు ఎందుకు రేటు తగ్గిస్తాడో ఆడవాళ్లను వేరే అడగక్కర్లేదు. పెళ్లిళ్లుండవు, కొట్టు ఖాళీ, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఈగలు తోలుకుంటూ కూర్చునే బదులు నాలుగు చీరలు అమ్ముకుంటాడు. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ 2012 వేసవిలో చేసిందీ ఇదే. స్థానిక డిగ్రీ పిల్లలకు వేసవి ఫీజులో 25 శాతం కోసేసింది.

అయితే ఈ బేరంలో ఓ మెలిక ఉంది. తగ్గించారు కదా అని కొత్తగా వచ్చి చేరినవాడు లాభం. ఎలాగూ చేరేవాడు కూడా పాతిక శాతం మిగుల్చుకుని పోతే అది చిల్లు. ఆ చిల్లు పూడ్చేది యూనివర్సిటీయా, రాష్ట్ర ఖజానాయా అన్నది డిస్కౌంటు ప్రకటించక ముందే తేల్చుకోవాలి.

మనకా తలనొప్పి లేదు. పాతిక శాతం పిసినారితనమూ లేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, పేద పిల్లల చదువు ఖర్చు తానే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలుపెట్టింది. దాంతో కూలివాళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారు. ఇది మాత్రం నవ్వులాటకు అనడం లేదు. చిక్కల్లా ఆ పేరులోనే ఉంది. రీయింబర్స్‌మెంటు అంటే తర్వాత ఇస్తామని. ఎంత తర్వాతో ఆ మాటలో లేదు.

రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ 2014లో దీనికి ‘ఫాస్ట్’ అని కొత్త పేరు పెట్టి, 1956 నాటి స్థానికతకు ముడేసింది. అందులో ఫాస్టుగా జరిగింది ఆ పథకాన్ని వెనక్కి తీసుకోవడమే. ఆంధ్రలో సొమ్ముకు తీర్థయాత్ర పట్టుకుంది. మొదట కాలేజీ ఖాతా, తర్వాత తల్లి ఖాతా, ఆ తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతా. ఖాతాలు మారినంత చురుగ్గా సొమ్ము కదిలి ఉంటే ఈ కాలమ్ రాసే పనే ఉండేది కాదు.

తెలంగాణలో కాలేజీలకు సొమ్ముకు బదులు టోకెన్లు ఇస్తారు. టిఫిన్ సెంటర్లో టోకెను చూపిస్తే ఇడ్లీ వస్తుంది. ట్రెజరీ టోకెను చూపిస్తే ‘రేపు రా’ అంటారు. బకాయిలు రాక, విసిగిపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసుకున్నాయి.

మా పక్కింటి యాదగిరన్న బిడ్డ బీటెక్ పాసైంది. ఉద్యోగం వచ్చింది. చేరాలంటే సర్టిఫికెట్లు కావాలి. అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి.

“సర్కారు పైసలు రాలేదంట అన్నా. మీరు కట్టుండ్రి, వచ్చినంక వాపసిస్తమంటున్నరు” అన్నాడు.

“ఎంత?”

“ఏడాదికి 35 వేలు. మూడేండ్లయి ఆగినయి. లక్షా అయిదు వేలు.”

“కాలేజీవాళ్లను గట్టిగా అడగకపోయావా?”

“అడిగిన. సార్లకు జీతాలిచ్చి నాలుగు నెలలైందంట. వాళ్ల మొకం జూస్తె నాకే పాపమనిపించింది.”

చివరికి నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి కట్టాడు. నెలకు 2,100.

ఇప్పుడు చెప్పండి, ఈ డిస్కౌంటు వల్ల రాష్ట్రానికి ఎంత ఖర్చు? బడ్జెట్లో చూస్తే కోట్లు. ఖజానాలో చూస్తే సున్నా. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం పాత సామెత. ఇక్కడ అల్లుడు అత్త చేత అప్పు చేయించి, ఆ అప్పు సొమ్మును ఆమెకే దానమిచ్చి, శాలువా కప్పించుకుంటున్నాడు.

నిన్న సాయంత్రం యాదగిరన్న వాకిట్లో కూర్చుని కూడికలు, తీసివేతలు వేస్తున్నాడు. వీధి మొగలో కొత్త ఫ్లెక్సీ కట్టారు. పేద విద్యార్థుల చదువు భారమంతా ప్రభుత్వానిదేనట. చాలాసేపు దాన్నే చూశాడు.

“అన్నా, చీరల దుకాణపోడు డిస్కౌంటిస్తే చీర సంచిల పెట్టి చేతికిస్తడు గద?”

“ఇస్తాడు.”

“మిగిలిన పైసలు పక్కింటోడు కట్టినంక ఇస్త అనడు గద?”

“అనడు.”

“మరి మనం ఏ దుకాణంకు పోయినమే?”