భూతద్దం

మాది బందరు. చిలకలపూడి రోల్డుగోల్డు నగల పేరు విననివాళ్లు తెలుగువాళ్లలో ఉండరు కదా, ఆ చిలకలపూడికి కూతవేటు దూరంలో పుట్టినవాణ్ణి. పెళ్లికొచ్చిన ఆడవాళ్ల మెడలు చూసి ‘ఇది బంగారం, ఇది చిలకలపూడి’ అని పందేలు కాయడం చిన్నప్పుడు మాకో ఆట. దానికి తోడు ఉద్యోగం కూడా బ్యాంకులో దొరికింది. అందులో చివరి పదకొండేళ్లు బంగారం మీద అప్పులిచ్చే కౌంటరులోనే గడిచాయి. రిటైరయ్యాక కుర్చీ పోయింది గానీ పదిరెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, జేబులో పట్టే తూకం యంత్రం నాతోనే ఇంటికొచ్చాయి. సంచీలో ఆ రెండూ లేకుండా ఏ శుభకార్యానికీ బయల్దేరను. గొప్పకి చెప్పడం లేదు. సరే, కాస్త గొప్పకే చెబుతున్నాను.

మొన్న వెళ్లింది మాత్రం శుభకార్యానికి కాదు. అమ్మ పోయింది.

పన్నెండో రోజు భోజనాలయ్యాయి. చుట్టాలంతా విజయవాడ బస్సెక్కేశారు. ఇంటివాళ్లం మిగిలాం. నేను, మా ఆవిడ, చెల్లెలు, తమ్ముడు, మరదలు, ఇంటర్ చదువుతున్న వాళ్లమ్మాయి. నేను హైదరాబాదులో స్థిరపడిపోయాను కాబట్టి అమ్మ ముందునుంచీ తమ్ముడి దగ్గరే ఉండేది. వాడు ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు.

“ఆ నగల సంగతి కూడా అనేసుకుంటే ఓ పనైపోతుంది” అన్నాను. ఎవరో ఒకరు అనాలి. పెద్దవాణ్ణి, నేనే అనాలి.

మరదలు మాట్లాడకుండా లోపలికెళ్లి స్టీలు డబ్బా తెచ్చింది. ఇత్తడి పళ్లెంలో ఒక్కొక్కటీ పెడుతుంటే చేతికున్న మట్టిగాజులు గలగలమన్నాయి. నాలుగు గాజులు, జత దిద్దులు, ముక్కుపుడక, గొలుసు. ఎనభై నాలుగేళ్ల మనిషి ఆస్తి అంతా పళ్లెంలో సగం కూడా నిండలేదు.

నేను సంచీలోంచి భూతద్దం తీశాను. తమ్ముడి కూతురు పక్కకొచ్చి కూర్చుంది. “అందులో ఏం కనిపిస్తుంది పెదనాన్నా?”

ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు దొరికితే నాకు చావింట్లో ఉన్నానన్న సంగతి కూడా గుర్తుండదు. ముందు ముక్కుపుడక చేతికిచ్చాను. “దీని మీద ముద్ర వెతక్కు. రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు” అన్నాను. తర్వాత గాజు. లోపలి వైపు అరిగిపోయిన మూడక్షరాలు, కేడీఎం. “ఇదేదో 916 కంటే గొప్ప ముద్రని నాతో దెబ్బలాడినవాళ్లున్నారమ్మా. కేడీఎం అంటే క్యాడ్మియం. నగ అతకడానికి వాడే టంకంలో కలిపేవాళ్లు. అంతకుముందు టంకంలో రాగీ వెండీ ఎక్కువుండేవి, అతుకులు పెరిగినకొద్దీ నగ స్వచ్ఛత తగ్గేది. క్యాడ్మియం వచ్చాక ఆ బెడద పోయింది గానీ ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు పోయాయి. అందుకే ఇప్పుడు హాల్‌మార్క్ నగల్లో దానికి చోటు లేదు. ఈ మూడక్షరాలూ అతుకు సంగతి చెబుతాయి, బంగారం సంగతి చెప్పవు.”

“మరి బంగారం సంగతి?”

“అది అంకె చెబుతుంది. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి. ఇరవైరెండుని ఇరవైనాలుగుతో భాగించి చూడు, అదే వస్తుంది. 750 అంటే పద్దెనిమిది కేరట్లు. 585 అంటే పద్నాలుగు.”

“ముద్ర ఎవరైనా కొట్టెయ్యొచ్చుగా?”

పిల్ల గట్టిదే. “అందుకే దుకాణంవాడు కొట్టకూడదు. పరీక్షా కేంద్రం కొట్టాలి. అక్కడ నగలోంచి కాస్త గీకి, సీసం రేకులో చుట్టి, వెండి కలిపి మూసలో కాలుస్తారు. సీసం కల్తీని లాక్కుపోతుంది. మిగిలిన వెండిని ఆమ్లంలో కరిగించేస్తే బంగారం ఒక్కటే మిగులుతుంది. అయినా తక్కువ తేలిందనుకో, ఆ తేడాకి రెండింతలూ పరీక్ష ఖర్చూ కట్టాలని 2018 నియమాల్లో ఉంది.”

దిద్దుల వెనక రేకు మీద అద్దం పెట్టించాను. ముద్రలు ఐదు. బీఐఎస్ త్రికోణం, 916, పరీక్షా కేంద్రం గుర్తు, దుకాణం గుర్తు, చివర ‘సి’ అన్న ఒంటి అక్షరం. “మన దేశంలో హాల్‌మార్క్ 2000లో మొదలైంది. ఆ ఏడుకి ‘ఏ’, మరుసటి ఏడుకి ‘బి’. మరి ‘సి’ అంటే?”

“2002.”

“తాతయ్య రిటైరైన ఏడు. ఆ డబ్బుతో కొన్న దిద్దులు. చూశావా, బంగారం వయసు కూడా చెబుతుంది. 2017 నుంచి ఆ అక్షరం ఎత్తేశారులే.”

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. నేను ఊపులో ఉన్నాను. గొలుసు అందుకున్నాను.

“దీనికి మాత్రం అద్దం అక్కర్లేదు. దీని జాతకం నాకు నోటికొచ్చు.”

1969లో చేయించాడు నాన్న. నాకు ఎనిమిదేళ్లు. అంతకు ముందు 1963లో మొరార్జీ దేశాయ్ పద్నాలుగు కేరట్లు దాటి నగ చేయకూడదని కట్టడి పెట్టినప్పుడు, అలాంటి నగ నా ఇంటికి అక్కర్లేదని నాన్న భీష్మించుకున్నాడట. ఆ కట్టు సడలాకే కంసాలిని పిలిచాడు. అదీ ఇంటికి. కళ్లెదుట చేయించుకుంటే గానీ ఆయనకి నమ్మకం కుదరదు. మా వీధరుగు మీద కుంపటి పెట్టి, నానమ్మ పాత నాను కరిగించాడు కంసాలి. ఊదుగొట్టంతో ఊదుతుంటే మంట సూదిలా వంగి గొలుసు కడియాల మధ్యకి దూరేది. నేను పక్కనే గొంతుక్కూచుని కదలకుండా చూసేవాణ్ణి. పని పూర్తయ్యాక చింతపండు నీళ్లలో ఉడికించి, కుంకుడు నురగతో తోమి, ఉత్త చేత్తో అమ్మకిచ్చాడు. ఐదు కాసులు. మా వైపు కాసంటే ఎనిమిది గ్రాములు కాబట్టి నలభై గ్రాములు. ముద్రా గిద్రా ఏమీ లేదు. అప్పట్లో గీటురాయి ఉండేది, కంసాలి మాట ఉండేది.

ఇదంతా చెబుతుంటే పిల్ల వింటూనే కొక్కెం దగ్గర అద్దం పెట్టి చూస్తోంది.

“పెదనాన్నా, ఉందిగా!”

“ఏముంది?”

“త్రికోణం. 22కె916. పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ.”

అద్దం లాక్కున్నాను. ఉంది. ఆ ఆరింటినీ హెచ్‌యూఐడీ అంటారు. ఏ నగకి ఆ నగకే వేరు, రెండిటికి ఒకటి ఉండదు. అది మొదలైందే 2021 జులై 1న. 1969 గొలుసుకి 2021 తర్వాతి ముద్ర!

తొందరపడకూడదు అనుకున్నాను. పాత నగకి కూడా దుకాణం ద్వారా ముద్ర వేయించుకోవచ్చు. అదే అయ్యుంటుంది. తూకం యంత్రం తీసి పెట్టాను. 36.120. కడియాలు చూశాను. ఒక్కటి కూడా వంకర లేదు, మిషను పని. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ దించమని పిల్లకి చెప్పి, ఆ ఆరూ కొట్టించాను. వస్తువు, గొలుసు. స్వచ్ఛత, 22కె916. దుకాణం రిజిస్ట్రేషను, పరీక్షా కేంద్రం వివరం. ముద్ర వేసిన తేదీ, 2022 ఫిబ్రవరి.

“ఏరా, అమ్మ గొలుసేది?” అన్నాను.

తమ్ముడు తల దించుకున్నాడు. “అదేగా అన్నయ్యా.”

“ఇది కాదు. అదిగో, అది.” గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాను. 2021 కార్తీకంలో అమ్మకి ఎనభై నిండాయని సహస్ర చంద్ర దర్శనం చేసినప్పటిది. మెడలో గొలుసు ధగధగలాడుతోంది. “ఆ ఫొటో నేనే తీశాను. గొలుసు కొంగు కిందికి పోతే నా చేత్తో బయటికి తీసి, సర్ది మరీ తీశాను. కార్తీకానికి ఉన్న గొలుసు ఫిబ్రవరికల్లా ఏమైంది? పైగా ఇది అర కాసు తక్కువ.”

గొంతు నాకు తెలియకుండానే కౌంటరు గొంతైపోయింది. వాయిదా తప్పినవాళ్లతో మాట్లాడే గొంతు. మా ఆవిడ చెయ్యి గిల్లింది. చెల్లెలు “ఇప్పుడెందుకన్నయ్యా” అంది.

“ఎప్పుడంటే? అవసరం పడి అమ్ముకున్నారనుకో, కాదనను. ఒక్క మాట చెప్పాలా వద్దా? దగ్గరున్నాం కదా అని...” అక్కడికి ఆపాను. ఆపానని కూడా నాకు నేనే మెచ్చుకున్నాను.

మరదలు లేచి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. ఈసారి ఆమె చేతిలో పాత మాత్రల డబ్బా ఉంది. మూత తీసి నా ముందు పెట్టింది. గొలుసొకటి, గుండుసూదితో గుచ్చిన కాగితాలు.

“ఫొటోలోది ఇదండీ బావగారూ.”

చేతిలోకి తీసుకున్నాను. అద్దం అవసరం పడలేదు. కడియాలు ఒరుసుకున్న చోటల్లా పూత లేచిపోయి ఇత్తడి కనిపిస్తోంది. చిలకలపూడిది.

పైన ఉన్న కాగితం 2019 జూన్‌ది. పాత గొలుసు, 39.8 గ్రాములు, కరిగించాక ఇరవై కేరట్ల లెక్కన లక్షా ఎనిమిది వేల నాలుగు వందలు. దాని కింద బ్యాంకు రసీదు, లక్షా పదివేలు. తక్కువైన పదహారు వందలూ పెన్షన్లోంచి వేసుంటుంది. డబ్బు జమైన ఖాతా నంబరు చూశాను. నాది.

హైదరాబాదు ఫ్లాటు రిజిస్ట్రేషనుకి డబ్బు చాలక అమ్మని చేబదులడిగాను ఆ నెలలో. “నా డిపాజిట్టు ఒకటి గడువు తీరిందిలేరా” అంది ఫోనులో.

అడుగున ఉన్నది 2022 ఫిబ్రవరి బిల్లు. కొన్నవారి పేరు దగ్గర మరదలి పేరు. పాత బంగారం మార్పిడి కింద నాలుగు గాజులు, నలభై గ్రాములు. తరుగూ మజూరీ జీఎస్టీ పోను వచ్చిన కొత్త గొలుసు, 36.120.

ఎవరూ మాట్లాడలేదు. చివరికి మరదలే అంది.

“ఎవరికీ చెప్పొద్దన్నారండీ అత్తయ్యగారు. మీరు బంగారం పని తెలిసినవారు, ఇట్టే కనిపెట్టేస్తారని భయం. మీరొచ్చారంటే ఎండాకాలంలో కూడా భుజాల నిండా కొంగు కప్పుకునేవారు. ఆ ఫొటో రోజు మీరు గొలుసు చేత్తో పట్టుకుని సర్దారు కదండీ. మీకు తెలిసిపోయిందనే అనుకున్నారు. ‘చూశాడే, చూసి కూడా ఏమీ అనలేదు వాడు’ అని రాత్రంతా నిద్రపోలేదు. అది చూడలేకే నా గాజులు మార్చాం.”

పిల్ల నా భూతద్దం తుడిచి సంచీలో పెట్టింది.

ఆ లక్షా పదివేలు నేను అమ్మకి తిరిగివ్వలేదు.