లక్ష కోట్లూ ఒక స్క్రూ

నేను గొడవపడే మనిషిని కాను. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు మూడో అంతస్తులో సమాధి స్థితిలోకి వెళ్లిపోయినా, ఇంటి ముందు రోడ్డును ఒకే వేసవిలో మూడు శాఖలవాళ్లు మూడుసార్లు తవ్వినా నోరెత్తలేదు. అలాంటివాణ్ని పట్టుకుని, ఈ యాభై ఎనిమిదేళ్ల వయసులో, వేలెడంత వస్తువు ఒకటి కొనడానికి మూడు వారాలు తిప్పించి, అల్లుడి దగ్గర అబద్ధమాడించి, చివరికి మా హాల్లోనే సోఫా కింద బోర్లా పడుకోబెట్టారు. ఎవరు పడుకోబెట్టారయ్యా అంటే చెప్పలేను. అసలు బాధ అదే. తిట్టుకుందామంటే మనిషి దొరకడు.

కథ విండోస్‌తో మొదలైంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మా పాత డెస్క్‌టాప్‌ను అడిగితే పదకొండును మోసే ఓపిక తనకు లేదంది. ఆ సందు చూసుకుని మా ఆవిడ, "ఏవండీ, ఆ ఇనప్పెట్టెను ఎలాగూ తీసేస్తున్నారు కదా, ఈసారి బుల్లిది కొనండి. ఆ మూల నా కుట్టు మిషనుకు కావాలి" అంది. అలా ఒక సార్వభౌమాధికార ప్రాంతాన్ని కుట్టు మిషనుకు అప్పగించి, టీవీ పక్కన జానెడు జాగాలో శరణార్థిగా చేరాను. కొన్నది మినీ పీసీ. లడ్డూ ప్రసాదం పెట్టే అట్టపెట్టె అంత ఉంటుంది. లోపల ఎన్100 అనే ఇంటెల్ చిప్పు, ఆరు వాట్లది. మా హాల్లో ఎల్ఈడీ బల్బు దానికన్నా ఎక్కువ తింటుంది.

"ఇందులో మెమరీ, డిస్కు ఉండవు సార్, బేర్‌బోన్" అన్నాడు కొట్లో కుర్రాడు. అంటే ఒట్టి ఎముకలు. ఫ్లాటు రిజిస్ట్రేషను చేసిచ్చి, తలుపులూ గడియలూ మీరే తెచ్చుకోండి అన్నట్టు. మెమరీ అక్కడే పెట్టించాను. డిస్కు సంగతి అడిగితే, "ఎస్ఎస్‌డీలో చాలా ఉంటాయి సార్, చూసుకుని తీసుకోండి, మీ ఇష్టం" అన్నాడు. అక్కడే మేలుకోవాల్సింది. 'మీ ఇష్టం' అన్న మాట నా ఇష్టప్రకారం జరిగిన ఏ పనికీ ముందు నేను వినలేదు.

మీకు గుర్తుందా, ఒకప్పుడు హార్డ్ డిస్కు కొనడమంటే ఒకటే ప్రశ్న. ఎంతది? అంతే. ఐదొందలంటే ఐదొందలు, ఒక టీబీ అంటే ఒక టీబీ. డబ్బులిచ్చి, సంచిలో వేసుకుని, దారిలో కొత్తిమీర కట్ట కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్లం. ఇప్పుడు పొడుగెంత, గాడి ఏ పక్క, మాట్లాడే భాష ఏది, దారులెన్ని, గదికెందరు, ఒళ్లు కాలుతుందా, సొంత జ్ఞాపకశక్తి ఉందా లేక అప్పు తెచ్చుకుంటుందా. మా అమ్మాయి సంబంధానికి కూడా ఇన్ని అడగలేదు. అడగాల్సింది, అది వేరే వ్యాసం.

మొదటి దెబ్బ మా బావమరిది చేత తిన్నాను. "డబ్బులు తగలెయ్యకండి బావగారూ, నా పాత ల్యాప్‌టాప్‌లోది పడుంది" అని ఒకటి పట్టుకొచ్చాడు. విరిగిన స్కేలు ముక్కలా ఉంది. పెట్టె అడుగు విప్పి, దాన్ని ఏటవాలుగా గాడిలోకి దూర్చి, వంచి, చివర స్క్రూ బిగించాం. చక్కగా కూర్చుంది, పీటల మీద పెళ్లికొడుకులా. పవర్ వేస్తే కంప్యూటరు, ఇందులో డిస్కే లేదంది. తీశాం, ఊదాం, పెట్టాం. లేదంది. మళ్లీ తీసి, పంచెతో తుడిచి పెట్టాం. లేదంది. మా బావమరిది కాసేపు ఆలోచించి, "కొబ్బరికాయ కొట్టారా?" అన్నాడు.

తర్వాత తెలిసింది. ఎం.2 అన్నది కూర్చునే పీట ఆకారం పేరట. భాష పేరు వేరు. ఆ పీట మీద కూర్చునేవాళ్లలో కొందరు సాటా మాట్లాడతారు, హార్డ్ డిస్కుల కాలం నాటి భాష, ఎంత గుక్కపట్టి మాట్లాడినా సెకనుకు 550 ఎంబీకి అటూ ఇటూనే. కొందరు ఎన్‌వీఎంఈ మాట్లాడతారు, 2011లో ఫ్లాష్ మెమరీ కోసమే పుట్టించింది. మా బావమరిది ఇచ్చినదానికి అంచున రెండు గాట్లున్నాయి, అందుకని ఎక్కడైనా దూరుతుంది. దూరినంత మాత్రాన మాట కలవాలని లేదు. పెట్టెలో రెండు చోట్లున్నాయి, 80 మిల్లీమీటర్ల పొడుగుదానికి ఎన్‌వీఎంఈ మాత్రమే వచ్చు, 42 మిల్లీమీటర్ల పొట్టిదానికి సాటా మాత్రమే వచ్చు. మావాడిది 80 మిల్లీమీటర్ల సాటా. కాళ్లు పట్టిన చోట భాష రాదు, భాష వచ్చిన చోట కాళ్లు పట్టవు.

ఈ కొలతల సంగతి కూడా మీతో చెప్పుకోవాలి. డబ్బా మీద 2280 అని ఉంటే ధర అనుకుని సంతోషించాను. కాదు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడుగు. 2242 అంటే 42 పొడుగు, 2230 అంటే 30. 22110 అని ఇంకో ఆజానుబాహువు ఉంది, అది ఇలాంటి పెట్టెల్లో పట్టదు. ధర వేరే చోట ఉంది. అది చూశాక కొలతల మీద కోపం పోయింది.

ఇక అల్లుడు. మా అల్లుడు డల్లస్‌లో సాఫ్ట్‌వేరు. ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో విషయం విని, "మావయ్యగారూ, ఏదో ఒకటి తీసుకోకండి. జెన్ ఫోర్ తీసుకోండి, సెకనుకు ఏడు వేల ఎంబీ వస్తుంది" అన్నాడు. వచ్చాక ఆ ఏడు వేల ఎంబీతో నేనేం చేయాలో చెప్పలేదు. అల్లుడు చెప్పిన మాటకు ఎదురు ప్రశ్న వేసే ఆచారం మన ఇళ్లలో లేదు. పక్క నుంచి మా ఆవిడ, "అదే తీసుకుంటారు బాబూ" అని మాటిచ్చేసింది. కేంద్రం ఒప్పందం మీద సంతకం పెట్టేసింది, అమలు చేసే భారం రాష్ట్రానిది.

కాబట్టి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లో మనందరం సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. బిర్యానీ వాసనను జయించి వెళ్లానని గమనించ ప్రార్థన. అక్కడ ఒక కౌంటరులో, మా అబ్బాయికన్నా చిన్నవాడు, "మీ పెట్టెలో చిప్పేంటి సార్?" అన్నాడు. ఎన్100 అన్నాను. వాడు నవ్వలేదు, నవ్వాపుకున్నాడు. ఆ చిప్పుకు మొత్తం కలిపి ఉన్నవే తొమ్మిది దారులట, అన్నీ జెన్ త్రీవే. అందులోంచే నెట్‌వర్కు, వైఫై, డిస్కు పంచుకోవాలి. డిస్కుకు నాలుగు దారులు దక్కితే మూడున్నర వేల ఎంబీ, పెట్టె చేసినవాడు పిసినారై ఒక్కటే ఇస్తే వెయ్యి కూడా రాదు. మీరు ఏడు వేలది కొన్నా అది ఆ దారిలో ఆ వేగంతోనే నడుస్తుంది సార్ అన్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకుపోయే కారు కొని, కూరగాయల బళ్ల మధ్య మా గల్లీలో తోలడం అన్నమాట. జెన్ త్రీదే చాలునని తీర్మానించాను. డల్లస్‌కు మాత్రం, "నువ్వు చెప్పిందే బాబూ" అన్నాను. జాతి ప్రయోజనాల దృష్ట్యా కొన్ని పత్రాలు బయటపెట్టకూడదు.

తర్వాత, "టీఎల్‌సీయా క్యూఎల్‌సీయా సార్?" అన్నాడు. ఇది మాత్రం నాకు చిటికెలో అర్థమైంది, మా అబ్బాయి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు చేశాడు కాబట్టి. త్రీ షేరింగా, ఫోర్ షేరింగా అని అడుగుతున్నాడు. ఒక్కో గదిలో మూడు బిట్లను పెడితే టీఎల్‌సీ, అప్పుడు గదిలోని విద్యుత్తును ఎనిమిది మెట్లుగా గుర్తుపట్టాలి. నాలుగు పెడితే క్యూఎల్‌సీ, పదహారు మెట్లు. నాలుగోవాడు చేరగానే అద్దె తగ్గుతుంది, గోడ తొందరగా అరుగుతుంది, ఎవడి తువ్వాలు ఎవడిదో తేల్చుకోవడానికి టైము పడుతుంది. డబ్బా మీద రాసిన వేగం ఉందే, అది పెళ్లిలో మొదటి బంతి భోజనం. ఖాళీ గదుల్లో తలా ఒక్కణ్నే పడుకోబెట్టుకుంటూ గబగబా రాసేస్తుంది కాబట్టి పూర్ణాలు, పులిహోర, గడ్డపెరుగు అన్నీ వస్తాయి. మీరు ముప్పై ఏళ్ల ఫొటోలు ఒక్కసారే ఎక్కించబోతే ఖాళీ గదులు అయిపోతాయి, ఇక ఉన్నవాళ్లను సర్దుతూ రాయాలి. మూడో బంతిలో కూర్చున్నవాడికి ఏం వడ్డిస్తారో మీకు చెప్పక్కర్లేదు. చారు.

సొంత డీర్యామ్ ఉన్నవి, లేనివి అని ఇంకో కులభేదం ఉంది. ఏ ఫైలు ఏ గదిలో ఉందో చెప్పే పట్టీని పెట్టుకోవడానికి ఖరీదైనవాటికి సొంత అర ఉంటుంది. చవకవి కంప్యూటరు మెమరీలోంచి కాస్త చేబదులు తీసుకుంటాయి. చేబదులు అంటే నాకు భయం, మా బావమరిది వల్ల. కానీ ఇది పవర్ ఆపగానే తిరిగి ఇచ్చేస్తుందట. ఆ మాటతో దాని మీద గౌరవం కలిగింది, అదే తీసుకున్నాను. త్రీ షేరింగ్‌లోనే.

ధర దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. నేను ఫోన్‌లో చూపించిన రేటు చూసి, "అది పోయిన నెల రేటు సార్" అన్నాడు. ఏఐ డేటా సెంటర్లు చిప్పుల్ని లాగేసుకుంటున్నాయట. ప్రపంచ కృత్రిమ మేధ అంతా కలిసి మా ఇంటి శ్రీరామనవమి ఫొటోల మీద పడింది. పైన 18 శాతం జీఎస్‌టీ.

డబ్బా వెనక మాత్రం ఒక మాట నన్ను కదిలించింది. 600 టీబీడబ్ల్యూ. అంటే 600 టెరాబైట్లు రాసేదాకా పూచీ. దారిలో మెట్రోలో కూర్చుని లెక్కేశాను. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా 30,000 రోజులు. ఎనభై రెండేళ్లు. అప్పటికి నాకు నూట నలభై. కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ డబ్బా తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివింది. ఐదేళ్లు లేదా 600 టీబీ, ఏది ముందొస్తే అది. "ముందు మీ బీపీ మాత్రల డేటు చూసుకోండి" అంది.

బిగింపు రోజు వచ్చింది. వస్తువు బరువు పది గ్రాములు కూడా లేదు. పది గ్రాములు అనగానే వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, చూసి వెళ్లిపోయింది. వేడెక్కి నెమ్మదించకుండా కొట్టువాడు దాని మీదకు అల్యూమినియం రెక్కల హీట్‌సింక్ ఒకటి అంటగట్టాడు. అది పెడితే మూత పడలేదు. హీట్‌సింక్ ఇప్పుడు మా పూజగదిలో అగరుబత్తి స్టాండు. డిస్కును ఏటవాలుగా దూర్చి, చూపుడువేలితో వంచిపట్టుకుని, రెండో చేత్తో స్క్రూ తీశాను. రెండు మిల్లీమీటర్ల లావు, ఆవగింజకు చిన్నాయన కొడుకు. స్క్రూడ్రైవరు కొన మీద నిలబెట్టాను. ఊపిరి బిగబట్టాను. అప్పుడే కుక్కరు విజిల్ వేసింది.

1956లో ఐబీఎం చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యూనిట్‌లో ఒక్కోటీ 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, టన్ను పైచిలుకు బరువు, పట్టేది 50 లక్షల అక్షరాలు. అందరూ ఇది చెప్పి మనం ఎంత ఎదిగామో చూడమంటారు. నేను సోఫా కింద పడుకుని, గత సంక్రాంతి నాటి జంతిక ముక్కను పలకరిస్తూ, దాన్ని తలచుకున్నాను. దాని స్క్రూలు పడితే కనీసం చప్పుడయ్యేది.

మా ఆవిడ ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి అయస్కాంతాన్ని ఊడదీసి తెచ్చింది. "ఆగు, డిస్కు దగ్గరకు తేకు, డేటా పోతుంది!" అని కేకేశాను. అయస్కాంతానికి చెడేది పాత హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీలో ఉన్నది విద్యుత్తు, దానికేం కాదు. పైగా అందులో ఇంకా ఏమీ లేదు. స్వామివారిని నేలమీద రెండడుగులు నడిపించేసరికి స్క్రూ వచ్చి పాదాలకు అతుక్కుంది.

పవర్ వేశాం. ఈసారి పలికింది. నేను కొన్నది ఒక టీబీ, అంటే అక్షరాలా లక్ష కోట్ల బైట్లు, రాష్ట్ర బడ్జెట్లో వినిపించే అంకె. విండోస్ ఎక్కించాక తెర మీద చూపించింది 931 జీబీ. అమ్మినవాడు వెయ్యితో గుణిస్తాడట, విండోస్ 1024తో భాగిస్తుందట. కిలో కందిపప్పులో 69 గ్రాములు తగ్గితే తూనికలు కొలతల శాఖ ఉంది. ఇక్కడ ఇద్దరి లెక్కా కరెక్టేనట, పోయింది మాత్రం నాది.

ఏమైతేనేం, తొమ్మిది సెకన్లలో లేచింది. పాతది లేచేలోపు కాఫీ కలుపుకుని తాగేవాణ్ని, ఆ కాఫీ కూడా పోయింది. లేచి, ఈమెయిల్ పాస్‌వర్డ్ చెప్పమంది. మరిచిపోతానని దాన్ని ఎప్పుడో జాగ్రత్తగా ఒక ఫైల్లో రాసి దాచుకున్నాను. ఫైలు పాత హార్డ్ డిస్కులో ఉంది. పాత హార్డ్ డిస్కు కుట్టు మిషను సొరుగులో ఉంది. దాన్ని ఈ పెట్టెకు తగిలించాలంటే కేబులొకటి కావాలని సీటీసీ కుర్రాడికి ఫోన్ చేశాను.

"అందులో మూడు రకాలుంటాయి సార్" అన్నాడు.